కవావు దీవిలో పులిహోర

ఆక్లాండ్ విమానాశ్రయంలోకే వరదనీళ్లొచ్చిన ఏడాది అది. ఆ బురద ఆరి, ఎండలింకా తగ్గకముందు వీరభద్రం ఆ ఊళ్లో దిగాడు. మోకాళ్ల నొప్పులతో కదల్లేని చెల్లెలు లక్ష్మీబాయి ఆయన్ని ఒక్క పని మీద పంపింది. అక్కడే టకానిని పేటలో ఉంటున్న ఆమె కొడుకు గౌతమ్, అలేఖ్య అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. అమ్మాయిని మగపెళ్లివారి తరఫున అడగాలి.

"పిల్లలిద్దరూ ఒప్పుకున్నారన్నయ్యా. పెద్దమనిషి నోటితో అడగడమే మిగిలింది. నీకు దణ్ణం పెడతా, అక్కడైనా నోరు విప్పు" అని బతిమాలింది.

వీరభద్రం "ఊఁ" అన్నాడు. ఆయన రోజంతా మాట్లాడేదాంట్లో అది సగం.

ఇంట్లో అయితే అందరూ బిగుసుకుపోతారని, అలేఖ్య తండ్రి రాజారావు ఆదివారం అందరినీ కవావు దీవికి పిక్నిక్ తీసుకెళ్లాడు. పడవ ఎక్కబోతుంటే గౌతమ్ వచ్చి మేనమామ పక్కన చేరాడు.

"మామయ్యా, ఇవాళే తేల్చెయ్. వాళ్లకి జాన్సన్‌విల్ నుంచి ఇంకో సంబంధం వచ్చింది. సాయంత్రంలోగా మనం అడక్కపోతే రాజారావు అంకుల్ రేపు వాళ్లని రమ్మంటారట."

"అమ్మాయో?"

"తను ఫైట్ చేస్తుందిలే. నువ్వుండగా ఫైట్ ఎందుకని!"

దీవి దగ్గరపడింది. పచ్చటి నీళ్లు, ఒడ్డున తెల్లటి మేడ, దాని చుట్టూ ఏ దేశాల నుంచో వచ్చి కుదురుకున్న చెట్లు. రాజారావు నోరు పడవలోనే మొదలైంది, దిగాక కూడా ఆగలేదు.

"చూశారా వీరభద్రం గారూ! తెల్లదొరల కాలంలో గవర్నరు దీవి మొత్తం కొనేసి ఈ మేడలో ఉన్నాడు. నెమళ్లు తెప్పించాడు, వాలబీలు తెప్పించాడు. అవి కంగారూల తమ్ముళ్లు లెండి. ఆఖరికి జీబ్రాలు కూడా!"

"ఇక్కడున్నవాళ్లని అడిగాడా నాన్నా?" అంది అలేఖ్య.

"అడిగితే గవర్నరెందుకవుతాడే?"

మేడ వరండాలో వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "మా గౌతమ్..." అన్నాడో లేదో, పచ్చికలో నెమలి కూత పెట్టింది. రాజారావు ఫోన్ పట్టుకుని దాని వెంట పరిగెత్తాడు. గుట్ట ఎక్కుతూ వీరభద్రం మళ్లీ "మీతో ఒక మాట..." అన్నాడు.

"పైకెళ్లాక చెబుదురుగానీ, అక్కణ్నుంచి సముద్రం చూడాలి!"

పైకెళ్లాక రాజారావు సముద్రం గురించి చెప్పాడు. గౌతమ్ ముఖం వాడిపోయింది.

చెట్టు కింద దుప్పటి పరిచి, అలేఖ్య తల్లి శేషారత్నం పులిహోర గిన్నె మూత తీసింది. వీరభద్రం తన పెరుగన్నం డబ్బా తీసుకున్నాడు. సంబంధం ఖాయం కాకుండా ఆడపిల్లవారి అన్నం ముట్టకూడదని ఆయన పట్టింపు. ఆవిడకూ అది తెలుసు. డబ్బా తెరిచి నీళ్లసీసా కోసం పక్కకు తిరిగాడంతే, పొదలోంచి కోడంత గోధుమరంగు పక్షి ఒకటి వచ్చి డబ్బాను ఈడ్చుకుపోయింది.

"వెకా! వెకా! పట్టుకోండి!" అంది అలేఖ్య, నవ్వు ఆపుకోలేక.

గౌతమ్ తరిమి ఖాళీ డబ్బా తెచ్చాడు.

"ఆకలితో ఎలా ఉంటారన్నయ్యగారూ..." అని శేషారత్నం గరిటె ఎత్తి, అంతలోనే దించేసింది. "బలవంతం చెయ్యకూడదులెండి. మీ పట్టింపు మీది." గిన్నె మీద మూత పెట్టబోయింది. ఆవిడ చెయ్యి మెల్లగా కదిలింది.

వీరభద్రం గౌతమ్ వంక చూశాడు, అలేఖ్య వంక చూశాడు. అలేఖ్య నవ్వడం మానేసింది. ఆయన లేచి చేతులు కడుక్కొచ్చి, కాగితం ప్లేటు చాపాడు.

"వడ్డించమ్మా."

రాజారావు నోరు పొద్దున్నుంచీ మొదటిసారి ఆగింది.

"అంటే... ఖాయమేనా అన్నయ్యగారూ?" అంది శేషారత్నం.

"జీడిపప్పున్న వైపు నుంచి వెయ్యి."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూనే ప్లేటు నింపేసింది.

"బావగారూ!" అని రాజారావు ఆయన్ని వాటేసుకోబోతే ప్లేటు ఒరిగింది.

"నాన్నా, ముందు ఆయన్ని తిననివ్వు!" అని అరిచింది అలేఖ్య. "గౌతమ్, నువ్వెందుకలా నిలబడ్డావ్? ప్లేటు పట్టు!"

వీరభద్రం రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాజారావు ఫోన్ చేసి, పెళ్లి హాలు గురించి మొదలుపెట్టాడు. వీరభద్రం ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాడు. కాఫీ కలుపుకుని, కిటికీ దగ్గర నిలబడి తీరిగ్గా తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. అప్పుడు ఫోన్ దగ్గరకొచ్చి "ఊఁ, బావగారూ" అన్నాడు.