దూలం మీది సందు

ఆదోని మిద్దెల ఊరు. దూలం దాకా గోడ, దాని మీద చదునుగా కప్పు, అంతే. అలాంటి ఊళ్ళో విశాలాక్షి మామగారు ముచ్చటపడి మంగళూరు పెంకులతో రెండు వాలుల ఇల్లు కట్టించాడు. ఎంత చల్లని ఇల్లని! ఎనభైలలో దాన్ని విప్పేసి స్లాబు వేసినప్పుడు చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. విశాలాక్షికి మాత్రం ఫ్యాను కింద కూర్చున్నప్పుడల్లా ఆ పాత కప్పే, దాని కింద గడిచిన ఆ రెండేళ్ళే గుర్తుకొస్తాయి.

డెబ్బై అయిదులో ఆమె భర్త గోవిందయ్య, మరిది గోపాలయ్య పత్తి బేరంలో మాటామాటా అనుకుని వేరుపడ్డారు. ఇంటికి నడిమధ్య గోడ పెట్టాలన్నారు. అటు మాట ఇటు రాకూడదని గోవిందయ్య ఒట్టు కూడా పెట్టాడు. మగవాళ్ళ పంతాలు మగవాళ్ళవి, విశాలాక్షి ప్రాణం మాత్రం తోడికోడలు కమలమ్మ మీదే. ఎమ్మిగనూరు నుంచి చిన్నపిల్లగా కాపురానికొచ్చిన కమలమ్మకు జొన్నరొట్టె తట్టడం నేర్పింది తనే. ఆ గొంతు వినకుండా ఈ ఇంట్లో పొద్దెట్లా పోతుందని తల్లడిల్లిపోయింది.

గోడ ఎక్కడ వస్తుందో చూపడానికి బడిలో డ్రాయింగు చెప్పే చక్రపాణి అయ్యవారు చీరల అట్టపెట్టె కత్తిరించి ఇంటి నమూనా చేసుకొచ్చాడు. కప్పు మూతలా ఊడొచ్చేది. అన్నదమ్ములు ఆ మూత తీసేసి, ఎవరి వాటా ఎంతో జానలతో కొలుచుకుని, సరేనని లేచిపోయారు. సర్దబోతూ విశాలాక్షి మూత మళ్ళీ పెట్టి పక్కనుంచి చూసింది. గోడ దూలం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. పైన వాలుగా లేచిన కప్పుకూ ఆ గోడకూ నడుమ మూడు మూలల సందు! వేలు పెడితే వేలు మరిది వాటాలోకి పోయింది. మిద్దెలు గీసి గీసి అలవాటైన అయ్యవారు ఈ గోడనూ మిద్దె గోడలాగే ఆపేశాడు. విశాలాక్షి నోరు మెదిపితే ఒట్టు.

మేస్త్రి ఎల్లప్ప కూడా మిద్దెల మేస్త్రే. బొమ్మలో ఎంతుంటే అంత కట్టి తాపీ కడుక్కున్నాడు. పైన పొగచూరిన చీకటి. పొద్దున అంగడికి పోయి దీపాలవేళకు వచ్చే మగవాళ్ళు తలెత్తి చూస్తేగా! వాళ్ళు అటు పోగానే ఆ సందులోంచి కమలమ్మ గొంతు దిగేది.

“అక్కా, బొరుగుల ఒగ్గాని చేస్తాండావా? వాసన ఈడికొస్తాంది.”

“నీ ముక్కు పాడుగాను, ఇంకా ఉప్పే వెయ్యలేదే!”

అట్లా రెండేళ్ళు గడిచాయి. ఎంత బాగా గడిచాయో!

చివరికి పిల్లి కొంప ముంచింది. ఒక ఆదివారం గోవిందయ్య భోజనానికి కూర్చుంటే, పైనుంచి మరిది ఇంటి పిల్లి పెరుగుచట్టి పక్కన దూకింది.

“ఇది యాడనుంచి వచ్చె?” అని తలెత్తాడు. సందు కనబడింది. “థూ, అయ్యవారి తెలివి తెల్లారినట్టే ఉంది! ఎల్లప్పను పిలిపించు. పొద్దు మునిగేలోగా మూసెయ్యాల.”

వడ్డిస్తున్న విశాలాక్షి పెరుగుచట్టి మీద మూత పెట్టింది. ఈ సాయంత్రంతో కమల గొంతు ఇక వినబడదు.

ఎన్ని ఇటుకలు పడతాయో చూద్దామని గోవిందయ్యే నిచ్చెన ఎక్కి సందులో తల పెట్టాడు. అట్లాగే ఉండిపోయాడు. అవతలనుంచి గోపాలయ్య గొంతు నీరసంగా వినబడింది.

“అన్నా, పడతావు. పైలంగా దిగప్పా.”

వేరుపడ్డాక అదే మొదటి మాట. గోవిందయ్య దిగి భార్య వైపు తిరిగాడు.

“వాడు అట్ల పుల్ల మాదిరి అయిపోయినాడేమే? మంచానికి అతుక్కపోయినాడు.”

“టైఫాయిడు. నిన్ననే పథ్యం పెట్టినారు. గండం గడిచింది లెండి” అనేసింది విశాలాక్షి. అనేశాక నాలుక కరుచుకుంది. ఇన్నాళ్ళ గుట్టూ ఒక్క మాటతో రట్టయింది. ఇక తిట్లు తప్పవని కొంగు బిగబట్టుకుని నిలబడింది.

గోవిందయ్య తిట్టలేదు. నిచ్చెన మొదట్లో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“నా తమ్ముడు సావుబతుకుల్లో ఉంటే నాకొక మాట సెప్పకపోతివే! సెప్పింటే నేను పోకుందునా?”