నేను దించేసిన గొంతు

నేను ఒక రికార్డు ప్లేయర్‌ని. పుట్టింది జపాన్‌లో, ఒసాకా దగ్గర ఒక ఫ్యాక్టరీలో. పెరిగింది ఓడ మీద. పరువు పోగొట్టుకున్నది మాత్రం విశాఖపట్నం వన్‌టౌన్‌లో, ఒక పెంకుటింటి ముందు గదిలో. నా ఈడు యంత్రాలు తమ కథ చెప్పుకునేటప్పుడు ఎన్ని పాటలు పాడిందీ, ఎంతమందిని మురిపించిందీ గొప్పగా చెప్పుకుంటాయి. నాకా మొహం లేదు. ఒక మనిషి గొంతుకి నేను చేసిన అన్యాయం చెప్పాలని కూర్చున్నాను.

ఫ్యాక్టరీలో తెల్ల చేతిజోళ్ళు వేసుకున్న ఒకావిడ నాకు రబ్బరు బెల్టు తొడిగి, పళ్లెం తిప్పి, దాని అంచున వేగం చెప్పే చుక్కలకేసి చాలాసేపు చూసింది. నిమిషానికి ముప్పై మూడు చుట్లు, ఆపైన ఒక మూడోవంతు. అంతే తిరగాలి, అంతే తిరిగాను. ఆవిడ తలూపి అట్టపెట్టెలో పెట్టింది. జీవితంలో నేను నెగ్గిన పరీక్ష అదొక్కటే.

ఒక ఓడలో రెండో ఇంజనీరు నన్ను కొనుక్కున్నాడు. ఆయన ఇనప గదిలో నాలుగేళ్ళు సుఖంగా తిరిగాను. ఓడ మరమ్మతుకని విశాఖలో ఆగినప్పుడు ఆయన విమానంలో ఇంటికి పోవలసి వచ్చి, నన్నూ, పెట్టెడు రికార్డుల్నీ రేవులో పరిచయమైన కర్రి పైడిరాజు గారికి ఇచ్చేశాడు.

పైడిరాజు గారు రేవులో లారీలు తూచే కాటా దగ్గర గుమస్తా. చాలా ఖచ్చితమైన మనిషని పేరు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి కాటాకి సీలు వేస్తే తప్ప ఒక్క లారీని కూడా దాని మీదికి ఎక్కనిచ్చేవారు కాదు. అలాంటి మనిషి నన్ను ఇంటికి తెచ్చుకుని, నా మీద మాత్రం ఇన్‌స్పెక్టరు అక్కర్లేదనుకున్నారు.

ఇక్కడి కరెంటు నాకు ఎక్కువవుతుందని ఎవరో చెబితే, దాన్ని తగ్గించే బరువైన పెట్టె ఒకటి తెచ్చి తగిలించారు. అది మంచిదే, లేకపోతే కాలిపోయేదాన్ని. కానీ కరెంటుకి బలమొక్కటే కాదు, ఊపు కూడా ఉంటుంది. నేను పుట్టినచోటా, ఓడలోనూ అది సెకనుకి అరవైసార్లు ఊగుతుంది. మన దేశంలో యాభైసార్లు. నా మోటారు ఆ ఊపుని బట్టి తిరిగే రకం. మొదటిరోజు స్విచ్చి వెయ్యగానే నాకు తెలిసిపోయింది, ముప్పై మూడు తిరగాల్సిన పళ్లెం ఇరవై ఎనిమిది దగ్గర ఈడుస్తోందని. పాటలన్నీ నెమ్మదించాయి. గొంతులన్నీ కిందికి దిగిపోయాయి.

నోరు లేని వస్తువుని, ఏం చెయ్యగలను అని మీతో అనొచ్చు. అది సాకే. బెల్టు తెంపుకోవచ్చు, కీచుమనొచ్చు, మొరాయించొచ్చు. అవన్నీ చేసే యంత్రాలు వీధికొకటి ఉన్నాయి. నేనెందుకు చెయ్యలేదంటే, మొదటి సాయంత్రమే పైడిరాజు గారు కళ్ళు మూసుకుని, “అబ్బ! ఏం గంభీరమైన నాదం!” అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా నచ్చింది.

ఆయన భార్య నూకరత్నం మాత్రం వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసి, “ఏటండీ, అందరూ జొరం తగిలి లేసినోళ్ళనాగ పాడతన్నారు?” అంది.

“నీకేటి తెలుస్తాది? ఇదీ అసలు సంగీతం,” అన్నారు ఆయన.

“మరి రేడియోలో ఇదే పాట సురుగ్గా వొస్తాది కదా?”

“రేడియోవోళ్ళకి టైం సాలదు. మళ్ళీ వార్తలు సదవాల కదా. అందుకని పరిగెట్టించెస్తారు.”

అలా నేను ఒప్పూ, దేశంలోని రేడియోలన్నీ తప్పూ అయ్యాయి. నేను నోరు మూసుకుని తిరిగాను.

ఆయనకి సంగీతం రాదు. రాదని దాచుకోలేదు కూడా. ‘కెరటం’ అనే వారపత్రికలో ‘మామూలు చెవి’ అని ఒక శీర్షిక మొదలుపెట్టారు. ప్రపంచంలో పేరున్న రికార్డుని వారానికొకటి విని, ఏమీ తెలియనివాడికి అది ఎలా వినిపించిందో ఉన్నదున్నట్టు రాయడం. ఉన్నదున్నట్టే రాశారు, పాపం. ఉన్నదే తప్పు.

అమెరికా బాకా విద్వాంసుడి రికార్డు గురించి ఏం రాశారంటే: “ఎండాకాలం మధ్యాహ్నం గేదె నీళ్ళలోకి దిగి ‘హమ్మయ్య’ అనుకున్నట్టుంది.” ఇంగ్లండు కుర్రాళ్ళు గిటార్లతో ఊరంతా ఊపేశారన్న రికార్డు విని, “వీళ్ళు ఊగడం లేదు, బరువైన బీరువాని మేడ మీదికి ఎక్కిస్తున్నారు,” అన్నారు. సింఫనీ ఒకటి పెట్టుకుని భోంచేసి, కునుకు తీసి లేచేసరికి ఇంకా మొదటి వైపే సాగుతోందిట. డ్యాన్సు రికార్డుకి కాళ్ళు కదల్లేదు గానీ కళ్ళు మూతలు పడ్డాయిట. షెహనాయి వింటే పెళ్ళికూతురు పీటల మీంచి లేచి వెళ్ళిపోయిన పెళ్ళి గుర్తొచ్చిందిట. పెద్ద పెద్ద పాటగాళ్ళ కచేరీలకి మాత్రం, అవి మగగొంతులు కాబట్టి, “గుహలోంచి వచ్చే సింహనాదం” అని దండం పెట్టేశారు.

జనం పగలబడి నవ్వారు. మిగతా పత్రిక పక్కనపెట్టి ముందు ఆ పేజీయే తిప్పేవారు. “మా మనసులో మాట రాశారండీ” అని ఉత్తరాలు వచ్చేవి. ఒక మృదంగం మాస్టారు మాత్రం, “అయ్యా, మీ యంత్రాన్ని ఎవరికైనా చూపించండి” అని కార్డు రాశారు. పైడిరాజు గారు దాన్ని చదివి, పండితులకి మామూలువాళ్ళంటే ఎంత మంటో చూశావా అని భార్యకి వినిపించి చించేశారు. ఆ ముక్కల్ని ఊడ్చింది నూకరత్నమే. నేను చూస్తూ ఊరుకున్నాను.

ముప్పై ఏడో వారం వచ్చింది నా అసలు పాపం. విజయనగరం నుంచి ఒక పాఠకుడు పోస్టులో రికార్డు పంపాడు. తాతపూడి సౌదామిని అని ఆ ఊరి గాయని పాడిన జావళీలు. ఆవిడ జీవితంలో ఇచ్చిన రికార్డు అదొక్కటే, పదిహేనేళ్ళ కిందటిది. జావళి అంటే చిలిపితనం. అలిగిన ప్రియుణ్ణి కొంగు పట్టి లాగినట్టుండాలి. సూది పడగానే నాకు అర్థమైంది, ఎంత చురుకైన పాటో. గీతలు అంత దగ్గరగా, అంత కొంటెగా మెలికలు తిరుగుతున్నాయి. వాటిని నేను ఈడ్చాను. ఆ లేత గొంతుని మోకాళ్ళ మీద నడిపించాను.

పైడిరాజు గారు రాశారు: “ఈవిడ ప్రియుణ్ణి పిలుస్తున్నారో, పోయినవాణ్ణి తలుచుకుని శోకాలు పెడుతున్నారో నా మామూలు చెవికి తెలియలేదు. సౌదామిని అనే పేరు లేకపోతే సోదరుడనుకునేవాణ్ణి. మన ఉత్తరాంధ్ర తల్లులకి చుట్ట అలవాటు కొత్త కాదు గానీ, పాడేవాళ్ళు మానేస్తే మేలు.”

ఆ వారం జనం ఇంకా ఎక్కువ నవ్వారు.

ఆదివారం పొద్దున్న ఆవిడే వచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. నేత చీర, చేతిలో బరువైన గుడ్డసంచి. పైడిరాజు గారు లుంగీలో పేపరు చదువుకుంటున్నారు.

“పైడిరాజు గారిల్లు ఇదేనా బాబూ? నేను సౌదామినిని. మీరు చుట్ట మానమన్నారు కదా, ఆ సౌదామినిని.”

ఆయన లేచి నిలబడ్డారు. పేపరు కింద పడింది. నూకరత్నం గబగబా కుర్చీ తుడిచి మంచినీళ్ళు తెచ్చింది. సౌదామిని గారు నీళ్ళు తాగి, సంచిలోంచి శ్రుతిపెట్టె తీసి బల్ల మీద, సరిగ్గా నా పక్కన పెట్టారు.

“ఇది ఐదు శ్రుతి బాబూ. పావడాలు కట్టే రోజుల నుంచీ ఇదే నా శ్రుతి. ఆ రికార్డూ ఇందులోనే పాడాను,” అని పెట్టె తెరిచి, కూర్చునే ఒక పల్లవి పాడారు. ఆ ముందు గదిలో అంత పైకి, అంత తేలిగ్గా లేచిన గొంతుని నేనెప్పుడూ విననూ లేదు, విననివ్వనూ లేదు. తర్వాత శ్రుతిపెట్టె మూయకుండానే, “ఇప్పుడు నన్ను పెట్టండి,” అన్నారు.

సూది పడింది. పెట్టె ఐదులో మోగుతోంది. నేను ఆవిడ గొంతుని రెండు మెట్లు కిందికి, మూడులో పాడిస్తున్నాను. రెండూ ఒకదాన్నొకటి గీరుకుంటుంటే పళ్ళు పులిసిపోయేంత ఘోరంగా ఉంది. సంగీతం రాని పైడిరాజు గారి చెవికి కూడా అందింది. ఆయన మొహం నల్లబడిపోయింది. మధ్యలో ఆపేస్తారేమో అనుకున్నాను, ఆపలేదు. ఆ నాలుగు నిమిషాలూ నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు.

“ఇద్దరూ ఏరే మడుసుల్లాగున్నారు,” అంది నూకరత్నం.

“ఇద్దరూ నేనేనమ్మా. ఈ మిషను నన్ను కిందికి దించేసింది.” సౌదామిని గారు పెట్టె మూశారు. “మగవాళ్ళనీ దించింది బాబూ. వాళ్ళు దిగితే మీకు గాంభీర్యంగా వినిపించింది. నేను దిగితే చుట్ట వాసన వచ్చింది.”

అసలు విషయం అప్పుడు చెప్పారు. విజయనగరంలో ఒక ధర్మసంస్థ వాళ్ళు పెడుతున్న సంగీత పాఠశాలకి ఆవిణ్ణి టీచరుగా అనుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో పిల్లలకి చెప్పుకుంటున్న ఆవిడకి పదిమంది ముందు ‘టీచరమ్మ’ అనిపించుకునే అవకాశం అదే మొదటిది. కమిటీ పెద్దలు ‘కెరటం’ చదివారు. వేరే ఆవిణ్ణి చూసుకుంటామని కబురు పెట్టారు. ఆ నియామకానికి మంగళవారం సంతకాలు.

“తప్పయిపోయిందమ్మా. శుక్రవారం పత్రికలో రాసేస్తాను, మొత్తం రాసేస్తాను,” అన్నారు పైడిరాజు గారు.

“శుక్రవారానికి మంగళవారం అయిపోతుంది కదా బాబూ. మీరు ఒక్కసారి వచ్చి, ఈ మాట కమిటీవాళ్ళకి నోటితో చెప్పండి. మీ మాట నమ్ముతారు. నమ్మారు కదా ఇప్పటిదాకా.”

వస్తానన్నారు. ఆవిడ రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారు.

సోమవారం రేడియో మెకానిక్ ఖాదర్ వలీ వచ్చాడు. నా మూత విప్పి చూసి, “సార్, ఇది మన కరెంటుకి చేసింది కాదు. ఈ చిన్న చక్రం లావు పెంచాలి, అంతే,” అని, మోటారు చక్రానికి బట్టటేపు చుట్లు చుట్టి, గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాడు. అరగంట పని. ఏడాది పాటు నేను చేసిన దానికి మందు అరగంట పని!

మంగళవారం పైడిరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తల దువ్వుకున్నారు. నా ముందు మంచం మీద కూర్చున్నారు. ముప్పై ఏడు వారాల పత్రికల కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటే తిప్పారు. అక్కడికి వెళ్ళి ఈ ఒక్క రికార్డు తప్పు విన్నానంటే, మిగతా ముప్పై ఆరు మాటేమిటని అడుగుతారు. ఆయన అది ఆలోచిస్తున్నారని నాకు తెలుసు, నేనూ ఏడాదిగా అదే ఆలోచించాను కాబట్టి. ఒకరి తప్పు ఒకరికి అంత బాగా అర్థమైన రోజు మా ఇద్దరి మధ్య ఇంకోటి లేదు. తొమ్మిదింటికి లేచి, “కాటా దగ్గర లారీలు ఆగిపోయుంటాయి,” అని డ్యూటీకి వెళ్ళిపోయారు.

శుక్రవారం పత్రికలో ఆయన పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చాయి. తమ రికార్డు ప్లేయరు ‘కొద్దిగా’ నెమ్మదించినందువల్ల ఒక గాయని స్వరం సరిగా వినిపించలేదనీ, చింతిస్తున్నామనీ. పైన మాత్రం ముప్పై ఎనిమిదో రికార్డు మీద జోకులు యథాప్రకారం ఉన్నాయి.

నూకరత్నం దాన్ని కూడబలుక్కుని చదివింది. మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక, నన్ను దుప్పటిలో చుట్టి, కరెంటు తగ్గించే పెట్టెనీ, రికార్డుల్నీ సంచిలో వేసుకుని, విజయనగరం బస్సెక్కి, గతుకుల్లో నాకు దెబ్బ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సౌదామిని గారి వాకిట్లో దింపి, “ఇది మీకాడే ఉండాలమ్మా. ఇంట్లో దీన్ని సూత్తంటే నాకు ముద్ద దిగట్లేదు,” అంది.

“కమిటీ పని అయిపోయిందమ్మా,” అన్నారు సౌదామిని గారు.

“తెల్సమ్మా. అందుకే ఈయన్ని కాకుండా దీన్నట్టుకొచ్చాను.”

ఇద్దరూ కాఫీ తాగారు. పైడిరాజు గారు నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఆ శీర్షిక కూడా ఆగిపోయిందని తర్వాత విన్నాను.

సౌదామిని గారు నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. దుమ్ము తుడిచేవారు, బెల్టు సాగితే మార్పించేవారు. చుట్ట మాట విని మానేసిన పిల్లలు కొందరు మళ్ళీ వచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవాళ్ళకి బాకాలూ, షెహనాయిలూ, సింఫనీలూ నా చేతే వినిపించి, ఇది ఇంత చురుకైన పాట, వినండర్రా అనేవారు. ఆవిడ రికార్డు మాత్రం నా మీద పెట్టలేదు. పిల్లలు అడిగినా, తర్వాత చూద్దాం అనేవారు. నేనూ తర్వాతే రావాలని కోరుకున్నాను.

అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆవిడకి డెబ్భై అయిదు దాటాయి. ఉబ్బసం వచ్చి తగ్గింది, గొంతుని మాత్రం కిందికి లాగి పోయింది. పిల్లలు రావడం మానేశారు.

మొన్న మధ్యాహ్నం ఆవిడే బీరువాలోంచి ఆ రికార్డు తీశారు. కొంగుతో తుడిచి నా మీద పెట్టి, సూది దింపారు. ఆ ఇంట్లో మొదటిసారి నేను ఆవిణ్ణి సరిగ్గా పాడించాను. ఐదు శ్రుతిలో, ఎంత కొంటెగా పాడారో అంత కొంటెగా. ఆవిడ తల ఒక పక్కకి వాల్చి విన్నారు. రెండో చరణంలో తనూ గొంతు కలపబోయారు. అందలేదు. మళ్ళీ ప్రయత్నించారు, దగ్గొచ్చింది.

అప్పుడు చెయ్యి చాపి, చూపుడువేలు నా పళ్లెం అంచు మీద ఆనించారు. మెల్లగా నొక్కారు. నేను నెమ్మదించాను. పాట కొద్దికొద్దిగా దిగింది. నాలుగు, ఇంకా కింద, మూడు. నవ్వులపాలు చేశానే, అచ్చం ఆ గొంతే మళ్ళీ నాలోంచి వస్తోంది. అక్కడ ఆవిడ అందుకున్నారు. చిన్న సౌదామినీ, ముసలి సౌదామినీ ఒకే శ్రుతిలో కలిసి పాడారు. పాడుతూ ఆవిడ నవ్వుతున్నారు.

నాకు సిగ్గుతో ఆగిపోవాలనిపించింది. ఆవిడ వేలు నన్ను ఆగనివ్వలేదు.