తూర్పు వరస

సిటీ కౌన్సిల్ ముందు మాట్లాడటానికి మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. దెబోరా కూతురు అబిగేల్ వంటింటి బల్ల మీద ఫోన్‌లో టైమర్ పెట్టి, తల్లి చేత, ఆమె మాట్లాడాల్సింది రాసుకున్న కాగితం మళ్ళీ మళ్ళీ చదివించింది.

"మమ్మీ, టూ లాంగ్. అమ్మమ్మ డ్రైన్ స్టోరీ తీసెయ్. వాళ్ళకి పాలకొల్లు ఎక్కడుందో కూడా తెలీదు."

"అసలు సంగతే అది కదే!"

"వాళ్ళకి అసలు సంగతి వద్దు. నీకు ఏం కావాలి, అది అడుగు. పంప్ పక్కకి మూవ్ చెయ్యండి. దట్స్ ఇట్."

దెబోరా పెన్ను తీసుకుని ఆ పేరా మొత్తం కొట్టేసింది. గీత అడ్డంగా, తిన్నగా ఉండేలా చూసుకుని మరీ కొట్టేసింది.

కొట్టేసిన పేరాలో ఉన్నది దెబోరా వాళ్ళమ్మ మార్తమ్మ గారు. పాలకొల్లులో ఆవిడ ఇంటి గేటు ముందే మూత లేని మురుగు కాలువ ఉండేది. మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేసినన్నాళ్ళూ, మానేశాక కూడా, పొద్దున్నే తల దువ్వుకోకముందే మెట్ల కింద ఫినాయిలు పోసేది. ఎవరైనా వస్తున్నారంటే ముందుగది కిటికీలు మూసేసి, అంత ఎండలోనూ వాళ్ళని ఆ ఉక్కలోనే కూర్చోబెట్టేది. మున్సిపాలిటీ వాళ్ళ చుట్టూ తిరిగీ తిరిగీ ఆవిడ చెప్పులరిగాయి కానీ కాలువ మీదకి మూత రాలేదు.

ఆవిడ అమెరికా వచ్చినప్పుడు చర్చిలో ఒక పెద్దాయన పోయారు. టెక్సాస్‌లో దెబోరా వాళ్ళుండే ఫ్రిస్కోకి ఉత్తరంగా, పీకాన్ ఫ్లాట్ అనే చిన్న ఊరి శివార్లలో ఒక పాత సమాధుల తోట ఉంది. అక్కడి బాప్టిస్టులు ఈ తెలుగు చర్చి వాళ్ళకీ ఒక మూల చోటిచ్చారు. ఆ రోజు ప్రార్థన అయ్యాక మార్తమ్మ గారు ఆ పచ్చిక బయళ్ళ వైపు తిరిగి గుండెల నిండా గాలి పీల్చింది. "ఎంత మంచి గాలే ఇక్కడ! ఇలాంటి చోట పడుకోబెడితే పోవడానికీ నాకేం బెంగ లేదు," అని నవ్వింది కూడా. ఆ చలికాలంలోనే నిద్రలో గుండె ఆగిపోయింది. ఆవిడ మెచ్చుకున్న చోటే ఆవిడని పడుకోబెట్టారు.

ఇప్పుడా పచ్చిక బయళ్ళు ఒక కంపెనీ కొనేసింది. అక్కడ ఇళ్ళు కడతారట. ఆ నేల ఊరి హద్దులకి అవతల ఉంది కాబట్టి అక్కడ సిటీ నీళ్ళూ లేవు, డ్రైనేజీ పైపులూ లేవు. అవన్నీ వేసుకోవడానికి కంపెనీ ఒక ప్రత్యేక అభివృద్ధి జిల్లా ఏర్పాటు చేస్తుంది. ఆ జిల్లా అప్పు తెచ్చి పైపులూ రోడ్లూ వేస్తుంది. రేపు ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు పన్ను రూపంలో ఆ అప్పు తీరుస్తారు. జిల్లా పుట్టాలంటే ముందు పక్కనున్న పీకాన్ ఫ్లాట్ సిటీ సరేననాలి. ఆ సంగతి తెలియజేస్తూ రోడ్డు పక్కన బోర్డు పెట్టారు. ఆదివారం అమ్మకి పూలు పెట్టి వస్తూ దెబోరా అది చూసింది. ఇంటికొచ్చి సిటీ వెబ్‌సైట్‌లో మ్యాప్ తెరిచింది. సమాధుల తోట కంచెకి ఆనుకుని, దక్షిణం వైపు, ఒక చిన్న డబ్బా గీసి ఉంది. పక్కన 'లిఫ్ట్ స్టేషన్' అని రాసి ఉంది.

"అంటే ఏంటండీ?" అని భర్తని అడిగింది.

అబ్రహాం కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఇళ్ళల్లోంచి వచ్చే మురుగంతా అక్కడికి చేరుతుంది. పంపులు పెట్టి పైకి తోస్తారు."

"వాసనొస్తుందా?"

"మూతలుంటాయిలే," అన్నాడు, కాసేపాగి. ఆ కాసేపు ఆగడంలోనే ఆమెకి జవాబు దొరికింది. టెక్సాస్‌లో గాలి దక్షిణం నుంచే వీస్తుందని ఇద్దరికీ తెలుసు.

"కావాలంటే అమ్మని ఇంకో చోటికి..." అని అతను మొదలుపెట్టాడు.

"ఒకసారి సముద్రం దాటి వచ్చింది. ఇంక కదపద్దు."

కౌన్సిల్ హియరింగ్ రోజు అబ్రహాంకి ఆఫీసులో వీలు కాలేదు. శాంతి వచ్చి కారెక్కించుకుంది. శాంతిది హనుమకొండ. ఇద్దరి పిల్లలూ కిండర్‌గార్టెన్ నుంచి కలిసి చదివారు. మార్తమ్మ గారు పోయిన వారం రోజులూ ఈ ఇంట్లో పొయ్యి మీదకి గిన్నె ఎక్కనివ్వకుండా మూడు పూటలా వండి తెచ్చింది శాంతే. ఆ కొత్త ఇళ్ళల్లో ఒకటి బుక్ చేసుకున్నదీ శాంతే. ఆ మాట ముందే, మొహం మీదే చెప్పింది.

"నేను ఇల్లు కొంటున్ననని నీకు కోపం లేదు గదా?" అంది స్టీరింగ్ తిప్పుతూ.

"నీ ఇంటి మీద కోపమేంటి? ఎవరో ఒకరు ఉండాల్సిందేగా అక్కడ."

"అదీ! ఇండ్లు వద్దంటలేం మనం. పంపు జర పక్కకి జరపమంటున్నం, అంతే గదా. గంత జాగ ఉంది, వాళ్ళకి ఇంకో మూల దొరకదా? నేను బయ్యర్‌ని. నా మాట వినకుంటే ఎట్లా?"

"నువ్వేం మాట్లాడక్కర్లేదులే. పక్కన కూర్చో చాలు."

"కూర్చుంటా. కానీ ఆ మేయర్ నిన్ను మధ్యల ఆపితే లేస్త. మా అత్తనే ఆపిన, మేయర్ నాకో లెక్కనా?" దెబోరాకి నవ్వొచ్చింది. ఆ వారంలో నవ్వడం అదే మొదలు.

సిటీ హాలు అంటే ఒక పాత బడి గది అంత ఉంది. ఎత్తు బల్ల వెనక అయిదుగురు సభ్యులూ, మధ్యలో తెల్ల జుట్టు మేయరూ. దెబోరా పేరు పిలిచారు. అడ్రస్ చెప్పమన్నారు. ఫ్రిస్కో అని చెప్పగానే ఒక సభ్యుడు తలెత్తి చూశాడు. ఈ ఊళ్ళో ఓటు లేని మనిషన్నమాట. అయినా మేయరు, "ఫర్వాలేదు, చెప్పమ్మా," అన్నట్టు చెయ్యి చూపించింది.

దెబోరా కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. ఎక్కడా తడబడలేదు. పాత తోట అనీ, కుటుంబాలు వస్తాయనీ, ఈస్టర్ రోజు తెల్లవారకముందే కొవ్వొత్తులతో వచ్చి సమాధుల దగ్గర పాటలు పాడటం తమ ఆచారమనీ, పంపును ఇంకో చోటికి జరపమనీ అడిగింది. కాగితం అయిపోయింది. గోడ మీద గడియారంలో ఇంకా సమయం మిగిలే ఉంది. కొట్టేసిన పేరా గుర్తొచ్చింది. ఇంగ్లీషులో బి.ఏ. చదివిన మనిషికి, తల దువ్వుకోకముందు మెట్ల కింద పోసిన ఫినాయిలు గురించి ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా దొరకలేదు. థాంక్యూ చెప్పి వచ్చి కూర్చుంది.

మేయరు కంపెనీ ఇంజినీరుని పిలిచి ఆ డబ్బాని జరపడం కుదురుతుందా అని అడిగింది. అతను మర్యాదస్థుడు. స్క్రీన్ మీద పాత మ్యాపు వేసి చూపించాడు. మొదటి ప్లానులో పంపు తూర్పు అంచున, హైవే పక్కన ఉండేదట. ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళలో చాలామంది తూర్పు ముఖం ఇళ్ళే కావాలని కలిసి అడిగారట. అందుకని తూర్పు అంచు పొడుగునా ఒకే వరసగా ఇళ్ళు వేసి, పంపుని పడమటి చివరకి, సమాధుల తోట పక్కకి జరిపారట. "మా ఇండియన్ కస్టమర్లు చాలా సంతోషించారు," అని ఈ ఇద్దరి వైపూ చూసి, శుభవార్త చెప్పినట్టు నవ్వాడు.

శాంతి చెయ్యి దెబోరా చేతి మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

రోడ్డు పక్కన బోర్డు పెట్టకముందే, ఆ కస్టమర్ల మీటింగ్ దెబోరా ఇంట్లోనే జరిగింది. శాంతి వాళ్ళ ఇంటికి రంగులేస్తున్నారని, తన హాలు ఇచ్చింది. అందరికీ జీడిపప్పు వేసి ఉప్మా చేసి పెట్టింది. శాంతి భర్త శ్యామ్‌సుందర్ గోడ మీద మ్యాపు అంటిస్తుంటే టేపు కత్తిరించి ఇచ్చింది. తూర్పు ముఖమైతేనే కలిసొస్తుందని వాళ్ళల్లో ఒకరైన వీరభద్రరావు గారు అంటుంటే, ఎవరి నమ్మకం వాళ్ళదనుకుంటూ రెండోసారి కాఫీ పోసింది.

శాంతి లేచి నిలబడింది. ముందే పేరు చీటీ రాసివ్వకుండా మాట్లాడకూడదని క్లర్కు అంటున్నా ఆగలేదు. తనూ ఒక బయ్యరేననీ, తనకి తూర్పు అక్కర్లేదనీ, ఏ ముఖమైనా తీసుకుంటాననీ, పంపుని మళ్ళీ అక్కడే పెట్టమనీ గబగబా అనేసింది. ఇంజినీరు నొచ్చుకున్నాడు. ఒక్క ఇంటి స్థలంతో అయ్యేది కాదట. ఆ వరసంతా బుక్ అయిపోయిందట. వరసలో ప్రతివాళ్ళూ ఒప్పుకోవాలట.

శాంతి చేతిలో ఫోను వరసగా అదురుతోంది. ఇళ్ళు బుక్ చేసుకున్నవాళ్ళ గ్రూపులో అంతా మీటింగ్ లైవ్‌లో చూస్తున్నారు. "శాంతి గారూ, దయచేసి కూర్చోండి. మా అందరి తరఫునా మాట్లాడే హక్కు మీకెవరిచ్చారు?" అని వీరభద్రరావు గారి మెసేజ్. దాని కింద ఎవరివో చేతులు జోడించిన బొమ్మలు. అన్నిటికంటే కింద శ్యామ్‌సుందర్‌ది, "ఇంటికి రా."

శాంతి కూర్చుని ఫోను బోర్లించింది. "మన వాళ్ళే గదనే వీళ్ళంతా," అంది నెమ్మదిగా. "నీ ఇంట్ల ఉప్మా తిన్నోళ్ళే."

సిటీ లాయరు మైకు దగ్గరకి జరిగాడు. ఈ పూట అడుగుతున్నది జిల్లాకి సమ్మతి ఒక్కటేననీ, లోపలి ప్లాను సిటీ చేతిలో లేదనీ చెప్పాడు. కాదంటే కంపెనీ కొన్నాళ్ళు ఆగి రాష్ట్రం దగ్గరకి వెళ్తుందనీ, అప్పుడు షరతులు పెట్టే అవకాశం కూడా సిటీకి ఉండదనీ చెప్పాడు. సరేనంటే కనీసం ఒక గోడా, ఒక వరస చెట్లూ అడగొచ్చు.

మేయరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మా నాన్నమ్మ కూడా ఆ తోటలోనే ఉంది," అంది. దెబోరా ముందుకి వంగింది. మేయరు మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని, "ఓటింగ్‌కి పెడుతున్నాను," అంది. చేతులన్నీ లేచాయి. ఒక్కటీ వ్యతిరేకంగా లేవలేదు. గోడ, దేవదారు చెట్ల వరస షరతులుగా చేర్చారు. అక్కడితో ఆ అంశం అయిపోయి, తర్వాతది పార్కులో బల్లల సంగతి మొదలైంది.

ఈస్టర్ నాటికి ఇంకా తవ్వకాలు మొదలుకాలేదు. తెల్లవారుతుండగా చర్చి వాళ్ళు వచ్చి సమాధుల మీద పూలు సర్ది, కొవ్వొత్తులు వెలిగించి పాడారు. శాంతి ఫ్లాస్కులో కాఫీ తెచ్చి కంచె దగ్గర నిలబడింది. ఆమె తూర్పు ఇల్లు తూర్పు ఇల్లుగానే ఉంది. వదులుకున్నా ఆ చోటుకి వెయిటింగ్‌లో ఇంకొకరున్నారని తెలిశాక ఇంట్లో గొడవపడటం మానేసింది.

అందరూ కార్ల వైపు నడుస్తుంటే దెబోరా కంచె దాటి దక్షిణం వైపు వెళ్ళింది. గడ్డిలో సర్వే వాళ్ళు పాతిన కర్ర పుల్లలున్నాయి. గులాబీ రంగు రిబ్బన్లు గాలికి కొట్టుకుంటున్నాయి. తోటకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని రెండు చేతులా పట్టుకుని పెరికింది. నేల తడిగా ఉందేమో, చటుక్కున వచ్చేసింది.

"దెబోరా," అన్నాడు అబ్రహాం వెనక నుంచి.

"పారెయ్," అంది శాంతి. "నేను చూడలే. అన్నయ్యా, మీరు చూసిన్రా?"

దెబోరా ఆ పుల్లని పట్టుకుని అలాగే నిలబడింది. గాలి అమ్మ వైపు నుంచి కాదు, తన వెనక నుంచి, దక్షిణం నుంచి వస్తోంది. ఇప్పటికింకా అందులో గడ్డి వాసనే ఉంది. గుండెల నిండా ఒకసారి పీల్చింది.

తర్వాత వంగి, పుల్లని ఆ కన్నంలోనే పెట్టి మడమతో నొక్కింది. కొంచెం పక్కకి ఒరిగింది. మళ్ళీ తీసి, తిన్నగా నిలబెట్టి, చుట్టూ మట్టి అదిమింది.

"ఏందే, మళ్ళీ పెట్టినవ్?"

"లేకపోతే మళ్ళీ కొలుస్తారు," అంది దెబోరా, చేతులు దులుపుకుంటూ. "మళ్ళీ కొలిస్తే, ఇంకో అడుగు ఇటే జరుపుతారేమో."