సంచున్ అని పిలిస్తే

పొగమంచు సముద్రాన్ని మింగేసింది. ఎక్కడ నీళ్ళో, ఎక్కడ ఆకాశమో తెలీడం లేదు. ఆ తెల్లదనంలోంచి ఈలలు, అటొకటి, ఇటొకటి. ఊపిరి బిగబట్టి సముద్రం అడుగున నత్తగుల్లలు ఏరే ఆడవాళ్ళు పైకి తేలి గాలి వదిలే ఈలలవి. కొరియాలోని ఈ జెజు దీవిలో పుట్టినవాళ్ళు ఈలను బట్టి మనిషిని పోల్చుకుంటారు. కుర్ర డాక్టరు గారం సియోల్ పిల్ల. ఆమెకు అన్నీ ఒకటే.

"అమ్మా! గో సున్‌డొక్ అమ్మా!" నల్లరాళ్ళ మీద నిలబడి అరిచింది.

ఒక్క ఈలా ఆగలేదు.

వెనక, గాలికి అడ్డంగా పేర్చిన రాతిగోడ లోపల, మంట దగ్గర డాక్టర్ బు కూచుని ఉంది. దీవిలో ఆడవాళ్ళ క్యాన్సర్లకు ఆపరేషన్ చేసే విభాగం ఆమె పోట్లాడి తెచ్చిందే. డబ్బున్నవాళ్ళు విమానమెక్కి సియోల్ పోతారు, లేనివాళ్ళు ఇక్కడే చావాలా అని ఆసుపత్రి పెద్దల మొహం మీదే అడిగింది. గారానికి పని నేర్పుతున్నదీ ఆమే.

"మేడమ్, మీరు పిలవండి. మీ మాటైతే వింటుంది."

"పోగొట్టింది నువ్వు. తెచ్చుకునేదీ నువ్వే."

నిజమే. సున్‌డొక్ గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్. ఇంకా చిన్నదే, ఇప్పుడు కోస్తే పోతుంది. ఆలస్యమైతే కత్తికి అందదు. ఆ మాట చెప్పేలోపే గారం ఆసుపత్రి హాలంతా వినేలా అడిగింది, "అమ్మా, ఎన్ని కాన్పులు?" అని. సున్‌డొక్ లేచి వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు.

మంచులోంచి నల్ల రబ్బరు బట్టల మనిషి ఒకతె నడిచొచ్చింది, సముద్రమే లేచి నడిచినట్టు. వల సంచి దించి మంట దగ్గర కూలబడింది. సున్‌డొక్కే.

"రా సంచున్, చేతులు కాచుకో," అంది డాక్టర్ బు.

గారం తెల్లబోయింది. "మేడమ్, సంచున్ అంటే బాబాయి కదా, ఆమెని అలా అంటారేంటి?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. "మీ సియోల్లో బాబాయేమో," అంది సున్‌డొక్. "ఇక్కడ పెద్దవాళ్ళెవరైనా సంచునే. ఆడా మగా, పెళ్ళయిందా లేదా, ఎవడికీ అక్కర్లేదు. మీ ఆసుపత్రికే కావాలి. గుమ్మం మీద పురుళ్ళ, ఇల్లాళ్ళ విభాగం అని బోర్డు. నేను పురుడూ పోసుకోలా, ఇల్లాలినీ కాలా. లోపలికొస్తే అమ్మా అంటావు. మన భాషలో గర్భసంచి పేరే పిల్లల కోట. పిల్లల్లేనిదాన్ని, నా కోట అద్దెకిచ్చుకోనా?"

గారానికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అమ్మా అంటే గౌరవమనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఎవరికి గౌరవం?

"మీ గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ సంచున్, ఇంకా చిన్నదే," అంది. మాట నాలుక మీద కొత్తగా, ఉప్పగా ఉంది. "తీసేయొచ్చు. ఇక్కడే, మన దీవిలోనే. ఇంకా పెరిగితే నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. రండి."

సున్‌డొక్ మంట మీద చేతులు తిప్పి తిప్పి కాచుకుంది. "కత్తి ఎవరు పట్టేది?"

"ఈ పిల్లే," అంది డాక్టర్ బు. "నేను పక్కన నిలబడతా."

"చెయ్యి వణికితే?"

"మొదటిసారి లోతుకు దిగినప్పుడు నీకు వణకలేదూ?"

"వణికింది. మా పెద్ద సంచున్ పైన తేలుతూ ఉండేది. అడుగునుంచి చూస్తే ఆమె నీడ మబ్బులా కనిపించేది. అది ఉందంటే చాలు, ఎంత లోతుకైనా పోయేదాన్ని."

"నేనూ అంతే, తేలుతుంటా," అంది డాక్టర్ బు.

గారానికి ఒక్క క్షణం తను నీటి అడుగున ఉన్నట్టనిపించింది. పైన ఆకుపచ్చటి వెలుతురు, దాని మధ్య కదలని నీడ.

"వస్తా," అంది సున్‌డొక్ లేస్తూ. "ఆ రోజు హాలంతా వినేలా అడిగావుగా, అంత గట్టిగానే పిలవాలి మరి."

ఆపరేషన్ రోజు గుమ్మం మీద బోర్డు అదే. దాన్ని పీకించే పోరు ఇంకా మిగిలే ఉంది. గారం హాలు మధ్యలో నిలబడి గొంతెత్తింది.

"సంచున్!"

సగం హాలు లేచి నిలబడింది. ముసలమ్మలు, తాతలు, బుట్టలతో వచ్చిన చుట్టాలు.

వాళ్ళని మోచేత్తో తోసుకుంటూ సున్‌డొక్ ముందుకొచ్చింది. "కూచోండర్రా. ఆ పిలుపు నాది."