ఒక్క గీత ఎక్కువ

మా మేనమామ షాపులో ఆంప్లిఫయర్ ధర వింటే గుండె దడ పుడుతుంది. పన్నెండేళ్లుగా అక్కడే వెనక గదిలో రిపేర్లు చేస్తున్నాను. మూత తీసి లోపల చూసేదాన్ని కాబట్టి, ఏ పెట్టెలో సరుకెంతో, డాబెంతో నాకు తెలుసు. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుందని ఊరుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. అమ్మకంలో మావయ్య వాడే కిటుకు నేర్పింది నేనే. రెండు ఆంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి వినిపించేటప్పుడు, ఖరీదైనదాని సౌండ్ నాబ్ ఒక్క గీత ఎక్కువ తిప్పితే చాలు. ఎక్కువైందని చెవి గుర్తుపట్టదు, బాగుందనుకుంటుంది. చేరిన కొత్తలో గొప్పకోసం వాగాను. మావయ్య దాంతో వ్యాపారం నడుపుకుంటున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం బస్సు డ్రైవర్ బాబాయ్ వచ్చాడు. చుట్టమేమీ కాదు, వరస కలుపుకున్నాం. ఆయన పాత ఆంప్లిఫయర్‌ని మూడుసార్లు బాగుచేశాను. వంక పెట్టడానికి లేదు దానికి. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బంతా పెట్టి కొత్తది కొంటానని, పాతదాన్ని రెండు చేతులా మోసుకుంటూ వచ్చాడు.

వినే గదిలో తివాచీ, మందపాటి తెరలు, మధ్యలో ఒకే కుర్చీ. వెనక సోఫాలో తమ వంతు కోసం ఒక జంట కూర్చుని ఉన్నారు. వైర్లు నేను కలిపాను. ముందు పాతది మోగింది, తర్వాత అదే పాట కొత్తదాంట్లో. కొత్తదాని నాబ్ మీద మావయ్య చెయ్యి కాస్త కదలడం చూశాను. బాబాయ్ కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! ఆ పాడే ఆవిడ ఎదురుగా కూచున్నట్టే ఉంది తల్లీ. ముప్ఫయ్యేళ్లు ఇంజను పక్కన నలిగిన చెవులివి. ఇప్పటికి ప్రాణం లేచొచ్చింది."

"చెవులంటే మీవి సార్!" అన్నాడు మావయ్య. చెక్కు పుస్తకం బయటికొచ్చింది.

నాకు ఒళ్లు మండింది. మావయ్య మీదకంటే నామీదే ఎక్కువ. వెనక గదిలోంచి సౌండ్ మీటరు తెచ్చి కుర్చీ పక్కన నిలబెట్టాను.

"ఆగండి బాబాయ్. రెండూ ఒకే సౌండ్‌లో వినలేదు మీరు. ఇప్పుడు వినండి. ఏది మోగుతోందో నేను చెప్పను, మీరే చెప్పండి."

మీటరులో అంకె రెండింటికీ ఒకటయ్యేదాకా నాబ్ తిప్పాను. అడ్డంగా తెర లాగి, వెనక నిలబడి ఆరుసార్లు వినిపించాను. ఆరింటిలో మూడు తప్పు చెప్పాడు. తెర తీసేసరికి ఆయన మొహం చిన్నబోయి ఉంది.

"అంటే నా చెవులు పోయినట్టా?"

"మీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. మీ పెట్టె కూడా. ఆ కుర్చీలో కూచుంటే ఏది ఏదో నేనూ చెప్పలేను."

బాబాయ్ చెక్కు పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. మావయ్య నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? మీ అమ్మ మొహం చూసి ఉద్యోగమిచ్చాను!"

"ఇచ్చావు. పన్నెండేళ్లు ఒళ్లొంచి పనిచేశాను, ఊరికే తినలేదు. ఆ కిటుకు నాది మావయ్యా. నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

"అయితే సోమవారం నుంచి రాకు."

నాకొచ్చిన పనికి ఈ ఊళ్లో ఇంకో షాపు లేదు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"సోమవారం కదా! ఇవాళ ఆరింటిదాకా నా డ్యూటీ ఉంది," అని అందరికీ వినపడేలా అన్నాను. సోఫాలోని జంట వైపు తిరిగాను.

"రండి, కూర్చోండి. ముందు రెండింటి సౌండూ సమానం చేస్తాను."