కొట్లో పనికొచ్చే మాటలు

పొయ్యి పక్క అలమర తలుపుకి ఆయన అంటించిన కాగితం ఆవిరికి అప్పుడే ఒక మూల లేచింది. ఉల్లిపాయలు తరుగుతూ ఆమె దాన్ని మోచేత్తో నొక్కి, పదకొండో వాక్యం మళ్లీ చదివింది. ఐన్ కిలో త్స్వీబెల్న్, బిట్టె. ఉల్లిపాయలు ఒక కిలో ఇవ్వండి. మొత్తం నలభై వాక్యాలు. రొట్టె తాజాదేనా, పాలు ఏ వరసలో ఉంటాయి, సంచీ వద్దు, మా దగ్గరుంది. జర్మన్ మాటలు తెలుగు అక్షరాల్లో, కింద అర్థం. ఆయన రెండు ఆదివారాలు కూర్చుని రాశారు. పెళ్లైన పందొమ్మిదేళ్లలో ఆమె కోసం ఆయన ఇంత శ్రద్ధగా చేసిన పని ఇదొక్కటే కాబట్టి, ఇది కష్టంగా ఉందని ఎవరితో చెప్పుకున్నా తప్పు ఆమెదే అవుతుంది.

ఆయనకి ఆ భాష మాట్లాడే దేశానికి బదిలీ అయింది. అత్తగారూ, మామగారూ, పాపతో సహా అందరూ వెళ్తున్నారు. ఆమె పదిహేడేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. గాజు పలక మీద పూసిన రక్తంలో ఉండకూడని కణం ఒక్కటున్నా ఆమె కంటికి దొరికిపోతుంది. అనుమానమొస్తే పెద్ద డాక్టరు కూడా, "ఒకసారి అక్కకి చూపించండి" అంటాడు. అక్కడ ఆ పని చెయ్యాలంటే భాషలో పెద్ద పరీక్ష పాసవ్వాలి. ఏడాది క్లాసులు. ఆ మాట ఎత్తగానే ఆయన నవ్వారు. "ముందు కూరగాయలు తెచ్చుకోవడం నేర్చుకో. తర్వాత చూద్దాం." ఆ 'తర్వాత చూద్దాం' ఆమెకి పాత చుట్టమే. పైచదువుకి సీటొచ్చినప్పుడు వచ్చింది, కారు నేర్చుకుంటానన్నప్పుడు వచ్చింది. వచ్చిందంటే ఇక కదలదు. అత్తగారైతే, "వెళ్లేది సుఖపడ్డానికేగా, అక్కడా ఈ సూదులూ రక్తాలూ ఎందుకమ్మా" అన్నారు. సుఖం ఎవరికని అడుగుదామనుకుంది. ఈలోపు పాలు పొంగాయి.

రాజీనామా ఉత్తరం కూడా ఆయనే టైపు చేశారు. నాలుగు రోజులుగా అది ఆమె సంచీలో, టిఫిన్ డబ్బా పక్కనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం తీసి సంతకం పెట్టబోతుంటే ఇన్‌చార్జి మేడమ్ అడిగింది, "అక్కడికెళ్లి ఏం చేస్తావే?" అని. మామూలు ప్రశ్నే. జవాబు కోసం వెతుక్కుంటే ఆ నలభై వాక్యాలే వరసకట్టి వచ్చాయి. అన్నీ ఎవరి కోసమో అడిగి మోసుకొచ్చేవే. ఆయనకి రొట్టె, మామగారికి చక్కెర లేని బిస్కెట్లు, పాపకి పాలు. చివరి వాక్యం, 'అంతే, ఇంకేం వద్దు.' అన్నిటికంటే అదే ఆమె నోట బాగా పలుకుతోందని ఆయన మెచ్చుకున్నారు కూడా. ఆమె కలానికి మూత పెట్టి, కాగితం మడిచింది. "రేపటికల్లా ఇచ్చెయ్, పైకి పంపాలి" అంది మేడమ్.

భోజనాల దగ్గర రోజూ ఒక ఆట. ఆయన కొట్టువాడు, ఆమె కొనడానికొచ్చిన మనిషి, పదమూడేళ్ల పాప మార్కులు వేస్తుంది.

"వాస్ డార్ఫ్ ఎస్ జైన్?" గరిటెని తక్కెడలా పట్టుకుని ఆయన అడిగారు. ఏం కావాలండీ అని.

"ఏమండీ, 'నేను ల్యాబులో పనిచేస్తాను' అని ఎలా అనాలి?"

"ఉల్లిపాయలమ్మేవాడికి అదెందుకోయ్?"

మామగారు పకపకా నవ్వారు. "అమ్మా, సున్నా!" అంది పాప.

"పోనీ, 'నేను రాను' అని?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "అది కొట్లో పనికిరాదు."

"కొట్లో కాదండీ. ఇక్కడే. నేను మీతో రావట్లేదు."

ఈసారి నవ్వు ఇల్లంతా నిండింది. "కోడలికి నాటకాలు కూడా వచ్చురోయ్" అని అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. మామగారికి నవ్వీ నవ్వీ పొలమారింది. "నీళ్లు పట్రామ్మా!"

ఆమె కంటే ముందు ఆమె కాళ్లు లేచాయి. వంటింట్లో జగ్గు నిండుతుంటే, ఏ పెట్టెలో ఎంత బరువు పెట్టొచ్చో వాళ్లు మాట్లాడుకోవడం వినబడుతోంది. పందొమ్మిదేళ్లకి మొదటిసారి కాదన్న మాట, వాళ్ల ముద్దలతోపాటే దిగిపోయింది. ఈ క్షణాన వెనక తలుపులోంచి వెళ్లిపోయినా, మళ్లీ ఎవరికో దాహం వేసేదాకా వాళ్లకి తెలియదు. ఏడుపు కూడా రాలేదు.

వచ్చి మామగారి గ్లాసులో నీళ్లు పోసింది. జగ్గు బల్ల మీద పెట్టి, కూర్చోకుండా, ఆ మాటే మళ్లీ అంది.

అందరూ నవ్వారు. పాప ఒక్కతే నవ్వలేదు.