బీరప్ప ఊదని రెండో కూత

నేను ఒక ఈలను. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కునే రకం కాదు, బస్సు కండక్టరు నోట్లో నానే రకమూ కాదు. యుద్ధనౌక మీద ఉద్యోగం వెలగబెట్టినదాన్ని. ఒక సన్నటి గొట్టం, దాని చివర రేగుపండంత డొల్ల గుండు, ఆ గుండుకి ఒక చిల్లు, మెడలో వేసుకోవడానికి గొలుసు. ఇంతే నేను. ఇప్పుడు ఒక రేవుపట్నంలో అద్దాల బీరువాలో, ఎవరిదో కత్తికీ ఎవరివో పతకాలకీ నడుమ పడి ఉన్నాను. చూడవచ్చినవాళ్ళు కత్తి దగ్గర ఆగుతారు, నా దగ్గర ఆగరు. ఒకప్పుడు నా మాట మీద ఓడంతా ఆగేదని చెప్పుకోకపోతే నాకు తోచదు.

నేను పుట్టింది ఒక ఇరుకు సందులో, ఇత్తడి పనివాడి కొలిమి పక్కన. ఆయన నన్ను ఒకసారి ఊది చూసి, కోడి పీక నొక్కినట్టుందని నవ్వి డబ్బాలో పడేశాడు. ఓడ ఎక్కాక గానీ నా గొప్ప నాకు తెలియలేదు. లేవాలన్నా నేనే, తినాలన్నా నేనే, పెద్ద ఆఫీసరు వస్తున్నాడన్నా నేనే. నోటితో ఈల వేస్తే నా కూత అనుకుంటారని ఓడ మీద అది తప్పు కింద లెక్క. లెక్కలూ ఇంగ్లీషూ చదివిన మగాళ్ళంతా రేగుపండంత గుండు చెప్పినట్టు నడుచుకోవడం చూసి మొదట్లో నాకే నవ్వొచ్చేది.

నన్ను మెడలో వేసుకున్నవాళ్ళు చాలామంది. మనసులో నిలిచినవాడు బీరప్ప. అనంతపురం జిల్లాలో, రాయదుర్గం అవతల గొర్రెలు కాసే ఇంటి కుర్రాడు. నౌకాదళంలో చేరేదాకా సముద్రం చూసి ఎరగడు. మందను మళ్ళించడానికి ఈల వెయ్యడం వాడికి పుట్టుకతో వచ్చింది. ఓడ ఎక్కిన కొత్తలోనే తెలియక వేసి, శిక్షగా డెక్కు కడిగాడు. కడుగుతుంటే ఒక మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు. సూరాడ పోలయ్య, డెక్కు పనివాళ్ళందరికీ పెద్ద, భీమిలి వైపు జాలరి.

"ఏటిరా గుంటడా, తెలుగోడివా?"

సగం హిందీతో, సగం సైగలతో రోజులు నెడుతున్న బీరప్పకి ఆ మాట వినగానే ఏడుపొచ్చింది. నిజానికి ఇద్దరి తెలుగూ ఒకటి కాదు. ఒకరు అన్నది ఇంకొకరు రెండోసారి అడిగి తెలుసుకునేవారు. అయినా అంత పెద్ద ఓడలో తెలుగు వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

నన్ను ఊదడం కూడా పోలయ్యే నేర్పాడు. "గాలి బుగ్గల్లోంచి కాదురా, బొడ్డు కాణ్ణించి రావాల" అనేవాడు. పది మందిలో ఆయన సార్. పని ముగిశాక తాళ్ళ చుట్టల మీద కూర్చున్నప్పుడు మామ. నేను బీరప్ప గుండెల మీద వేలాడుతూ వినేదాన్ని.

"ఇన్ని నీళ్ళుండి ఏం లాభం మామా? మా గొర్రె గూడా మూతి పెట్టదు."

"గొర్రెకి తెలిసినపాటి మనకి తెలిస్తే ఈ ఓడెందుకు ఎక్కుతామురా."

గొప్ప మాటలేం కావు. కానీ ఆ కాసేపటి కోసమే బీరప్ప మిగతా రోజంతా ఈదేవాడు.

నా కూతల్లో రెంటి గురించి ఇక్కడ చెప్పాలి. ఒకటి 'స్టిల్', పైస్థాయిలో పొడుగ్గా సాగే కూత. అది వినపడితే ఎవడు ఎక్కడున్నా అక్కడే బిగుసుకుని నిలబడాలి. రెండోది 'క్యారీ ఆన్', కిందిస్థాయిలో పొట్టి కూత. అది పడేదాకా ఎవరూ కదలకూడదు. పెద్ద అధికారి పడవ మా పక్కకి వస్తే మొదటిది, దాటిపోయాక రెండోది. మామూలు నావికుడి కోసం ఈ రెండూ ఊదరు.

పోలయ్య సర్వీసు నిండింది. ఆయన దిగిపోయే రోజున ఓడ రేవులో ఉంది. ఓడకీ గట్టుకీ నడుమ వేసిన వంతెన దగ్గర కాపలా బీరప్పదే. రేపటి నుంచి తనతో తెలుగులో మాట్లాడే మనిషి ఉండడని వాడికి చాలా రోజులుగా తెలుసు. తెలిసీ ఏం చెయ్యగలడు?

"ఏటిరా, ఏటీ మాటాడవు?" అన్నాడు పోలయ్య. బీరప్ప తల వంచుకున్నాడు. పోలయ్య వాడి భుజం తట్టి, జెండాకి సెల్యూట్ చేసి వంతెన మీద అడుగు పెట్టాడు.

అప్పుడు బీరప్ప నన్ను నోట్లో పెట్టుకుని స్టిల్ ఊదాడు.

ఓడంతా ఆగిపోయింది. రంగు వేసేవాడు కుంచె గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. వంటవాడు గరిటెతో నిలబడ్డాడు. ఏ అధికారి పడవ వస్తోందోనని ఆఫీసర్లు సముద్రం కేసి కళ్ళు చించుకున్నారు. పడవా లేదు, గిడవా లేదు. వంతెన నడుమ పోలయ్య వెన్ను నిటారుగా పెట్టి ఆగిపోయాడు. ఆ కూత ఎవరిదో, ఎందుకో ఆయనకి తెలియదా?

ఊపిరి అయిపోయింది. ఇక రెండోది ఊదాలి. బీరప్ప ఊదలేదు. నేను వాడి పెదవుల మధ్యే ఉన్నాను, వాడి కన్నీళ్ళు నా మీద పడుతున్నాయి. ఊదనంతసేపూ మామ వెళ్ళడు. వాడికి తెలిసింది అంతే.

"ఊదీరా బీరప్పా. నన్నెల్లనీ" అన్నాడు పోలయ్య, తల తిప్పకుండానే.

"నాతో కాదు మామా."

ఏళ్ళ తరబడి ఆ కూతకి రాయిలా నిలబడిన మనిషి మొదటిసారి కట్టు తప్పి కదిలాడు. వెనక్కి వచ్చి, గొలుసు వాడి మెడలో ఉండగానే నన్ను అందుకుని, తల దగ్గరగా వంచి పొట్టి కూత ఊదాడు. ఓడ మీద అందరూ మళ్ళీ కదిలారు. ఆయన వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

ఎవరి కోసం ఊదావని ఆఫీసరు నిలదీస్తే బీరప్ప నోరు విప్పలేదు. నన్ను వాడి మెడలోంచి తీసి ఇంకొకడి మెడలో వేశారు. బీరప్పని తాళ్ళకీ రంగు డబ్బాలకీ పంపారు. వాడి హిందీ బాగుపడింది, నవ్వులాటలూ నేర్చాడు. కానీ ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు చిక్కుపడిన తాడుతో, "ఏమే, యాడ తగులుకుంటివే" అని మెల్లగా మాట్లాడేవాడు. ఆ మాటలు విన్నప్పుడు నాకు దుఃఖం వచ్చేది.

ఏళ్ళు గడిచి వాడి సర్వీసూ నిండింది. పెట్టె పట్టుకుని వంతెన దగ్గరికి వచ్చినప్పుడు నేను ఒక కొత్త కుర్రాడి మెడలో ఉన్నాను. వాడికి బీరప్ప పేరు కూడా తెలియదు. బీరప్ప జెండాకి సెల్యూట్ చేసి, వంతెన నడుమ దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఊదేవాడు లేనిదే నేను ఒట్టి లోహం. ఓడ మీద రంగు వేసేవాళ్ళు రంగు వేస్తూనే ఉన్నారు, వంటవాడు గిన్నెలు మోస్తూనే ఉన్నాడు. బీరప్ప ఒక్కడే కాసేపు అక్కడ ఆగి, ఎవరూ ఆపడం లేదని రూఢి చేసుకుని, దిగి వెళ్ళిపోయాడు.